ఎర్ర బండి పొగ

ఆ కాలంలో మా ఇంట్లో దేవుడి నామం తర్వాత అందరూ చెవులు రిక్కించి విన్నది ఒక పాత ఇంజను చప్పుడునే అంటే ఇప్పుడు మా పిల్లలు నమ్మరు. ఇప్పుడు బండి మొరాయిస్తే ఫోను నొక్కి మనిషిని పిలిపిస్తాం, అతనొచ్చి ఏదో తీగ తగిలిస్తే బండే తన రోగం తెర మీద రాసి చూపిస్తుంది. ఆ రోజుల్లో అట్లా కాదు. (తాతలనాటి మాటేమీ కాదు, అందరి చేతుల్లో సెల్‌ఫోన్లు ఉన్న రోజులే.) బండికి జబ్బు చేస్తే ఇంటిల్లిపాదీ దిగులు పడాలి, ఎవరికి తోచిన రోగం వాళ్ళు చెప్పాలి, చివరికి ఎవరో ఒకరు దాని పొట్ట మీద చెయ్యి వేసి నిట్టూర్చాలి. మా కుప్పం మామ ఎర్ర బండి విషయంలో ఇవన్నీ జరిగాయి. అప్పుడు నేను పడిన కంగారు తలుచుకుంటే ఇప్పటికీ అరచేతులు చెమర్చుతాయి, ఆ వెంటనే నవ్వూ వస్తుంది.

ముందు మా సంగతి చెప్పాలి. నాయనకు మదనపల్లెలో విత్తనాల అంగడి. నాకు చిన్నప్పుడు ఆయాసం ఎక్కువని బడికి పంపలేదు. నాయనే అంగట్లో వేరుశనగ మూటల మీద కూర్చోబెట్టి అక్షరాలూ ఎక్కాలూ నేర్పాడు. అందువల్ల నాకు తెలియని విషయాలు బోలెడు, తెలిసిన కాసినీ నెమ్మదిగా తెలుసు. (ఆ నెమ్మదికే స్వామికి రోజూ దండం పెట్టుకుంటాను.) అన్న మాత్రం బాగా చదువుకుని బెంగళూరులో ఒక ఫ్యాక్టరీలో చేరాడు. ఆ ఫ్యాక్టరీ మూతపడింది. ఒక మధ్యాహ్నం సంచీ భుజాన వేసుకుని ఇంటికొచ్చాడు, కాళ్ళు కడుక్కున్నాడు, గోడకు ఆనుకుని కూర్చున్నాడు, అంతే, ఇక మాట్లాడలేదు. కోపం లేదు, ఏడుపు లేదు. పిలిస్తే వచ్చి తినేవాడు, పెట్టింది తినేవాడు, ఉప్పు మరిచిపోయినా తినేవాడు. అదే మమ్మల్ని ఎక్కువ భయపెట్టింది, ఎందుకంటే ఉప్పు ఒక రవ్వ తగ్గితే ఊరంతా వినబడేలా అరిచే మనిషి వాడు. అవ్వ (నాయనను కన్నతల్లి) మిరపకాయలతో దిష్టి తీసింది. అమ్మ తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కింది. నాయన రోజూ అంగడి నుంచి రాగానే గుమ్మంలోనే నిలబడి నా ముఖం చూసేవాడు; నేను తల అడ్డంగా ఊపితే చెప్పులు విడిచి లోపలికి వచ్చేవాడు.

ఇట్లా కొన్ని నెలలు గడిచాక ఒక పొద్దున వాడు లేచి పెరట్లోకి పోయి, పూజగది వెనక గోడ పక్కన పట్ట కప్పి ఉన్న ఎర్ర బండి ముందు కూర్చున్నాడు.

అది కుప్పం మామది, అంటే మా అమ్మ తమ్ముడిది. రేసు బండి. పెళ్ళికి ముందు ఆయన దాని మీద మదనపల్లె వస్తే వీధిలోవాళ్ళు ముందు చప్పుడు విని, తర్వాత దుమ్ము చూసి, ఆఖరున మామను చూసేవారట. నడిపేవాడు ముందుకు వంగి పొట్ట ట్యాంకుకు ఆనించాలి. వెనక సీటు అరచెయ్యంత, అదీ అటక మీదున్నట్టు ఎత్తున. సైలెన్సరు కూడా మామూలు బండ్ల మాదిరి నేలబారుగా కాక పైకి తిరిగి ఆకాశం చూస్తూ ఉంటుంది. పెళ్ళయిన కొత్తలో మా అత్త ఒకే ఒక్కసారి దాని మీద కుప్పం నుంచి గుడుపల్లె దాకా పోయి, దిగి, "గోడ మీద బల్లి మాదిరి నీ వీపున కరుసుకోని ఇంక యాడికీ రాను నేను. ఇంట్లో అదన్నా ఉండాల, నేనన్నా ఉండాల" అనిందట. మామ ఆలోచించి అత్తనే ఉంచుకున్నాడు. (దానికి ఆలోచన ఎందుకు కావాల్సి వచ్చిందని అత్త ఇప్పటికీ అడుగుతూనే ఉంటుంది.) బండిని తెచ్చి మా పెరట్లో పెట్టి, పట్ట కప్పి, తోక దగ్గర పట్ట చాలకపోతే "ఫర్వాలేదులే, ఊపిరాడతాది" అని వెళ్ళిపోయాడు. అప్పటినుంచి ఏళ్ళ తరబడి అది అక్కడే ఉంది.

అన్న ఆ రోజు దాన్ని ఊరికే చూశాడు. మర్నాడు తుడిచాడు. ఆ మర్నాడు ట్యాంకు విప్పి తుప్పు కడుగుతున్నాడు. నేను పక్కన గుడ్డపీలికలు చించుతూ కూర్చున్నాను. తల ఎత్తకుండా, "పాపా, పది నంబరు స్పానరు అందియ్యి" అన్నాడు. నాకు స్పానరు అంటే ఏదో కూడా తెలియదు. ఉన్నవన్నీ ఒళ్ళో వేసుకుని వాడి ముందు కుమ్మరించాను. అమ్మ వంటింట్లోంచి గరిటెతోనే పరుగెత్తుకొచ్చి, "ఏమన్నాడు? ఏమన్నాడు?" అని గుసగుసగా అడిగింది. "పది నంబరు స్పానరు" అన్నాను. అమ్మ ఆ మాటనే మంత్రం మాదిరి పెదాలతో అనుకుని కొంగుతో కళ్ళొత్తుకుంది. ఆ సాయంత్రం పూజలో ఏమని విన్నవించుకుందో తెలియదు గానీ, స్పానర్లకు నంబర్లుంటాయని స్వామికి మా ఇంటి ద్వారానే మొదటిసారి తెలిసి ఉంటుంది.

తర్వాత మాటలు ఒక్కొక్కటే వచ్చాయి. "టార్చి సరిగా పట్టు." "ఆ బోల్టు మీద కూసున్నావు లెయ్యి." "నీకు చెప్పేదానికన్నా ఆ గోడకు చెప్పేది మేలు." తిట్లన్నీ నాకే, సంతోషం అందరికీ. కార్బురేటరు కడిగాడు, కొత్త బ్యాటరీ పెట్టాడు, ఇంజన్లో పాత ఆయిలు తీసి కొత్తది పోశాడు. తీసిన ఆయిలును ఎండలో గిన్నె వంచి వంచి చూశాడు. అందులో మెరుపు కనిపిస్తే లోపల ఇనుము అరిగి పొడి రాలుతున్నట్టట. మెరుపేమీ లేదు. వాడి ముఖంలో మాత్రం ఉంది.

ఆ వారమే బండి స్టార్టు చేశాడు. ఇంజను దగ్గింది, గుక్క తిప్పుకుంది, ఒక్కసారిగా గర్జించింది. మేమందరం చప్పట్లు కొట్టబోయాం. చేతులు కలవకముందే వెనకనుంచి పొగ లేచింది. పొగ అంటే మామూలు పొగ కాదు; తెల్లగా, నీలంగా, దుప్పటి విప్పినట్టు పెరడంతా కమ్మేసి, గోడ దాటి వీధిలోకి నడిచింది. నేను ఆయాసం మనిషిని, ముక్కుకు కొంగు బిగించి ఇంట్లోకి ఉరికాను. పక్కింటి పెద్దమ్మ ఆరేసిన బట్టలు ఎత్తుకుంటూ, "ఏమమ్మా, మున్సిపాలిటీవాళ్ళు దోమల మందు ఇంట్లోకే వచ్చి కొడతాండారా ఏంది?" అని గోడ మీదినుంచి అరిచింది. అన్న బండి ఆపేశాడు. పొగ పలచబడ్డాక చూస్తే, బండి పక్కనే గొంతుకూర్చుని ఉన్నాడు. "రింగులు పోయినాయి" అన్నాడు మెల్లగా. ఇంజను లోపల పైకీ కిందికీ ఆడే పిస్టనుకు ఉంగరాల మాదిరి రింగులుంటాయట. అవి అరిగితే ఆయిలు పైకెక్కి పెట్రోలుతో కలిసి కాలి, ఈ నీలం పొగ వస్తుందట. "కొత్తవి ఎయ్యచ్చు కదన్నా?" అన్నాను. "ఈ బండి చేయడమే మానేసినారు పాపా. యాడా దొరకవు" అన్నాడు. అదే ఆ రోజు వాడి ఆఖరి మాట. మర్నాడు మాట లేదు, ఆ మర్నాడు కూడా లేదు. స్పానరు అడగలేదు, తిట్టలేదు. మళ్ళీ ఉప్పు లేని పప్పు తిన్నాడు.

నాయన అంగట్లో నన్ను మూటల మీద కూర్చోబెట్టుకుని చెప్పాడు. "ఆదివారం కలికిరి నుంచి పాత సామాన్ల ఆసామి వస్తాండాడు. దాన్ని ఎత్తుకపోతాడు."

"నాయనా, అన్న..."

"వాడి కోసమే అమ్మా. సచ్చినదాని పక్కన నా బిడ్డ రోజూ కూసోని ఉండేది నేను సూడలేను. లేసి నిలబడతాదనే ఆశ ఉంటే ఉంచుతాను. లేకుంటే అది ఇంట్లో వద్దు." కాసేపు త్రాసు పళ్ళెం తుడిచి, "శనివారం పుంగనూరుకు తీసకపొండి. డాక్టరప్ప సూసి ఇంజను బాగుండాదంటే నా అడ్డం లేదు" అన్నాడు.

డాక్టరప్ప అంటే పుంగనూరులో మోటారు సైకిళ్ళ షెడ్డు ఆయన. అసలు పేరు నాకిప్పటికీ తెలియదు. పొడుగాటి స్క్రూడ్రైవరు కొస ఇంజనుకు ఆనించి, పిడి చెవిలో పెట్టుకుని లోపలి చప్పుళ్ళు వింటాడు కాబట్టి ఆ పేరు. శనివారం పొద్దున్నే మార్కెట్టులో టమోటా దించేసి ఖాళీ బాక్సులతో పుంగనూరు పోతున్న మినీ లారీలో బండిని ఎక్కించాం. అన్న హ్యాండిలు పట్టుకున్నాడు, నేను సీటు పట్టుకుని గోవింద నామాలు చదువుకున్నాను. శనివారం నాకు ఒక్కపొద్దు. కుదుపులకు నామాలు కొన్ని రెండుసార్లు వచ్చాయి, కొన్ని అసలు రాలేదు. స్వామి సర్దుకుని ఉంటాడు. దారిపొడవునా అన్న ఒక్క మాట అనలేదు. ఆదివారం ఎంత దగ్గర్లో ఉందో ఇద్దరికీ తెలుసు.

డాక్టరప్ప మమ్మల్ని చూసి స్టూలు మీదినుంచి లేవలేదు. "తోలండి లోపలికి. ఎన్నాళ్ళ నుంచి దగ్గు?" అన్నాడు. స్టార్టు చేయించి, స్క్రూడ్రైవరు చెవిలో పెట్టుకుని కళ్ళు మూశాడు. పొగకు షెడ్డులో ఉన్నవాళ్ళు బయటికి నడిచారు, ఆయన మాత్రం కదల్లేదు. "ఆ... పిస్టను కొట్టుకుంటాండాది. లోపలి సైను గొలుసు వదులైంది. వాల్వు కూడా ఏడస్తాండాది" అంటూ ఒక్కో చోట ఒక్కో రోగం చెప్పాడు. ఆయన ప్రతి మాటకూ అన్న భుజాలు కొద్దికొద్దిగా కిందికి దిగుతున్నాయి. (ఆ స్క్రూడ్రైవరు నా గుండె మీద పెట్టి ఉంటే అంతకన్నా పెద్ద చప్పుడే వినిపించేది.)

తర్వాత ప్లగ్గు విప్పాడు. రింగులు అరిగిన ఇంజన్లో అది నల్లగా, ఆయిలు కారుతూ ఉండాలట. తీరా చూస్తే పొడిగా, బిస్కెట్టు రంగులో ఉంది. డాక్టరప్ప దాన్ని అటూ ఇటూ తిప్పి, కొత్తదేమో అన్నాడు, పాతదే. ప్లగ్గు కంతకు మీటరు బిగించి అన్నను కిక్కు కొట్టమన్నాడు. లోపలి గాలి ఎంత బలంగా నొక్కుకుంటుందో ఆ ముల్లు చూపిస్తుందట. అరిగిన ఇంజనైతే ముల్లు సగంలోనే సొమ్మసిల్లాలి. ఇది దర్జాగా పైకెక్కి నిలబడింది. డాక్టరప్ప మీటరును నేలకేసి తట్టి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అదే. "ఈ మీటరుకు పొగరెక్కింది" అన్నాడు. ఆ పైన ప్లగ్గు కంతలో ఒక చెంచాడు ఆయిలు పోసి మళ్ళీ కొట్టించాడు. రింగులే వదులైతే ఆ ఆయిలు సందులు మూసి, ముల్లు ముందుకన్నా పైకి దూకాలి. ముల్లు వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

"అంటే బాగుండాదనే గదన్నా?" అన్నాను ఆశగా.

"బాగుంటే ఈ పొగ యాల?" అన్నాడు డాక్టరప్ప. "ఇది నాటకాలాడే ఇంజను పాపా. ఇట్లాటివాటిని నేను శానా సూసినా. తల విప్పల్సిందే."

సరిగ్గా అప్పుడే కుప్పం బస్సు దిగి మామ వచ్చాడు. అమ్మ ఫోను చేసి చెప్పిందట. చేతిలో బ్రెడ్డు ప్యాకెట్టు, బత్తాయిలు. షెడ్డు గుమ్మంలో నిలబడి, గొంతు తగ్గించి, "ఎట్లుండాది?" అని అడిగాడు. ఆస్పత్రికి వచ్చినట్టే వచ్చాడు మనిషి. బండి ట్యాంకు మీద చెయ్యి వేసి, బత్తాయిలు ఎవరికియ్యాలో తెలియక నా చేతికిచ్చాడు. విప్పాలన్న మాట చెవినబడగానే మాత్రం గొంతు లేచింది.

"విప్పేది లేదు! తల విప్పితే లోపలి గ్యాస్కెట్టు చినుగుతాది. అది ఇప్పుడు యాడ దొరుకుతాది సెప్పు?"

"దొరక్కపోతే నేను కోసి ఏస్తా."

"నువ్వు కోసేదానికి ఇదేమన్నా అట్టముక్కనా? సుమ్నే, ఊరికే విప్పి గంపలో పోసిస్తావు, మావాడు దాన్ని మోసుకోని పోవల్ల."

"ఇంత భయముండేవాడివి బండిని ఎండకూ వానకూ యాల వదిలేసి పోయినావు?"

మామ వంగి బండి టైరు నొక్కి చూశాడు. (అత్త అక్కడ లేకపోయినా ఆమె పేరు చెప్పడానికి భయపడ్డాడు.) అప్పటిదాకా పాత టైరు మీద కూర్చుని నేల చూస్తున్న అన్న, "విప్పేయ్ డాక్టరప్పా. ఏదో ఒకటి తెలిసిపోతే నిమ్మళం" అన్నాడు. అది బండి గురించి అడుగుతున్న గొంతు కాదు. గోడకు ఆనుకుని కూర్చోవడానికి సిద్ధపడుతున్న గొంతు.

డాక్టరప్ప పానా ఎత్తాడు. నాకు ఇంజన్ల గురించి ఏమీ తెలియదు, చెప్పడానికి మాటా లేదు. కాసేపు ఆలస్యమైతే చాలు, అంతలో స్వామి ఏదో ఒకటి చేస్తాడనిపించి, "ఒక్కసారి, ఇంకొక్కసారి స్టార్టు చెయ్యండప్పా" అన్నాను. "యాల?" అన్నాడు. ఎందుకో నాకే తెలియదు కాబట్టి, "సూడాల" అన్నాను. ఆడపిల్ల అడిగిందని గొణుక్కుంటూనే ప్లగ్గు తిరిగి బిగించి బండి స్టార్టు చేశాడు. నేను బండి వెనక్కి పోయి ఎవరికీ కనబడకుండా చేతులు జోడించి నిలబడ్డాను. ప్రార్థనలో మునిగి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోవడం మరిచిపోయాను. పొగ సూటిగా నా ముఖానికే కొట్టింది.

దగ్గొచ్చింది. దగ్గుతో పాటు మా పూజగది కళ్ళ ముందు కనబడింది.

ఆకలికి అట్లా అనిపిస్తోందేమో అనుకున్నాను. మళ్ళీ పీల్చాను. అది ఇంజను ఆయిలు మాడిన కంపు కాదు. నువ్వుల నూనె దీపం కొండెక్కగానే వత్తి కొసనుంచి ఒక తెల్లటి పోగు లేస్తుందే, అదే వాసన. పుట్టినప్పటినుంచి రోజూ పీల్చిన వాసన. "అన్నా," అన్నాను, "ఇది దీపం వాసనన్నా."

డాక్టరప్ప పడీపడీ నవ్వాడు. "ఒక్కపొద్దా పాపా? ఆ బత్తాయి ఒకటి వలుసుకోని తిను, వాసన పోతాది." మామ మర్యాదకు వంగి ఒకసారి పీల్చి, నవ్వబోయి ఆగిపోయి, మళ్ళీ పీల్చాడు. "అవునబ్బా," అన్నాడు, "మా గుడి గర్భగుడిలో మాదిరి ఉండాది." అన్న టైరు మీదినుంచి లేచాడు. సైలెన్సరు దగ్గర ముఖం పెట్టాడు. తర్వాత వాడి నోట్లోంచి మాటలు గబగబా వచ్చాయి: "ప్లగ్గు పొడిగా ఉండాది. ముల్లు నిలబడతాండాది. అంటే లోపల ఆయిలు కాలడంలేదు గదా డాక్టరప్పా. పొగ ఇంజన్లోంచే రావల్లని ఏముండాది? దాని అవతల పుడతాంటే? పద్నాలుగు నంబరు యాడ? పాపా, పద్నాలుగు!"

ఈసారి సరైన స్పానరే అందించాను.

సైలెన్సరు విప్పి ఇద్దరూ చెరో కొసా పట్టుకుని వంచారు. కాసేపు ఏమీ రాలేదు. తర్వాత నల్లగా, చిక్కగా, తీరిగ్గా నూనె కారడం మొదలైంది. కారుతూనే ఉంది. డాక్టరప్ప నోరు తెరిచి చూస్తున్నాడు. ఆఖరున, నూనెలో నాని మసిబారిన దూది వత్తులు ఒకదాని వెనక ఒకటి జారిపడ్డాయి. నేను ఆ వత్తులను గుర్తుపట్టాను. అంత సన్నగా, కొస అంత గట్టిగా మెలిపెట్టే చెయ్యి మా ఇంట్లో ఒకటే ఉంది. ఫోను చేసి అవ్వను పిలిపించి, అందరికీ వినబడేలా పెట్టాను.

"అవ్వా, పూజలో మిగిలిన దీపం నూనె నువ్వు యాడ పోస్తాండావు?"

"యాల? ఏమైంది?"

"ఊరికే సెప్పవ్వా."

"ఎవురూ తొక్కని సోట పొయ్యల్ల గదా. మల్లిచెట్టు మొదట్లో పోస్తాంటి. మీ నాయన ఇంటి సుట్టూరా సిమెంటు పోయించేసె. చెట్టూ పాయ, మన్నూ పాయ. యాడ పొయ్యల్ల నేను? నా నెత్తిన పోసుకోవల్లనా? పూజగది ఎనక మీ మామ బండికి ఒక గొట్టం నోరు తెరుసుకోని ఉండాది గదా, దాంట్లో పోస్తాండా. దాన్ని ఎవురు తొక్కుతారు?"

"వత్తులు కూడానా అవ్వా?"

"వత్తుల్ని మాత్రం తొక్కచ్చునా?" అని కోప్పడి, కాస్త ఆగి, అనుమానంగా అడిగింది, "నిండిపోయిందా ఏంది?"

మామ గోడ పట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే కిందికి చూసి, ఒక్కసారిగా వెనక్కి దూకాడు. "తొక్కొద్దప్పా! తొక్కొద్దు! స్వామి నూనె!" అప్పటికి అది షెడ్డు నేల మీద చాప పరిచినంత మేర పారింది. ఇంజను ఆయిల్లో చెప్పుల్లేకుండా తిరిగే డాక్టరప్ప కూడా, అది ఏ నూనెనో తెలిశాక ఒంటికాలి మీద నిలబడిపోయాడు. "నా షెడ్డులో నాకే కాలు పెట్టే దావ లేకుండా సేస్తిరి గదమ్మా" అన్నాడు. ముగ్గురు మగవాళ్ళూ టైర్ల మీద నిలబడి ఎట్లా తీయాలని చర్చించుకుంటుంటే, నేను గుమ్మం గట్టుమీద గొంతుకూర్చుని గుడ్డతో అద్ది అద్ది, వత్తులతో సహా ఒక ఖాళీ డబ్బాలోకి పిండాను. ఇప్పుడు ఆ డబ్బా ఎక్కడ ఒంపాలి? షెడ్డు ముందు రోడ్డు, వెనక సంత. అవ్వకు వచ్చిన కష్టమే మా నలుగురికీ వచ్చింది. కుప్పంలో తన పెరట్లో కొబ్బరిచెట్టు ఉందని, దాని మొదట్లో ఎవరూ నడవరని మామ అన్నాడు.

సైలెన్సరు కడిగి, ఆరబెట్టి, బిగించి స్టార్టు చేశారు. ఒక పలచటి పొగ వచ్చి, సిగ్గుపడ్డట్టు ఆగిపోయింది. డాక్టరప్ప స్క్రూడ్రైవరు చెవిలో పెట్టుకుని చాలాసేపు విన్నాడు. అందాకా చెప్పిన రోగాల్లో ఒక్కటీ మళ్ళీ చెప్పలేదు. "ఇంజను బంగారం" అన్నాడు, మొదటినుంచీ అదే అన్నట్టు. అన్న ఊరుకోలేదు. "సైను వదులని నువ్వే గదా అంటివి? పిస్టను కొట్టుకుంటాండాదని ఎవురన్నారు మరి?" అని మీద పడ్డాడు. ఆయనా తగ్గలేదు. నేను పక్కకు పోయి నాయనకు ఫోను చేశాను.

"ఇంజను బాగుండాది నాయనా."

అటువైపు త్రాసు చప్పుడు ఆగింది. "వాడు?"

"డాక్టరప్పతో కొట్లాడతాండాడు."

నాయన "కొట్లాడనీ," అన్నాడు. "అడ్డం పోవద్దండి ఎవురూ."

సైలెన్సరులో మిగిలిన జిడ్డు పోవాలంటే బండి బాగా వేడెక్కేదాకా తోలాలని డాక్టరప్ప చెప్పడమూ, కుప్పం దాకా పోతానని అన్న అనడమూ ఒకేసారి జరిగాయి. మామ మళ్ళీ బస్సెక్కాడు. డాక్టరప్ప తన హెల్మెట్టు నా తలకు బోర్లించాడు. నూనె డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఆ అటక మీదికి ఎక్కి, అన్న వీపుకు కరుచుకున్నాను. అత్త చెప్పిన బల్లి ఏమిటో అప్పుడు తెలిసింది. పలమనేరు దాటేదాకా నా చెవులు ఇంజను మీదే ఉన్నాయి. టక్కుమంటే స్వామీ అనుకున్నాను, గేరు మారితే గోవిందా అనుకున్నాను, వెనక్కి తిరిగి పొగ వస్తోందేమో చూద్దామంటే డబ్బా ఒలుకుతుందని భయం. అంతలో నా చెంప కింద అన్న వీపు అదురుతున్నట్టు తెలిసింది. ఇంజను వల్ల కాదు. వాడు మాట్లాడుతున్నాడు. చెయ్యి ఊపుతూ, తల తిప్పుతూ, ఆగకుండా మాట్లాడుతున్నాడు. గాలికీ హెల్మెట్టుకూ నాకు ఒక్క ముక్క వినబడలేదు. ఏమన్నావన్నా అని అడిగితే ఆ ధార తెగుతుందేమోనని భయమేసింది. అందుకని గట్టిగా "ఊఁ" అన్నాను. వాడు ఇంకా ఉత్సాహంగా చెప్పాడు. "ఊఁ" అన్నాను. వి.కోట దాటాం, ఘాటు రోడ్డు దిగాం, ఊఁ. కుప్పం రైలు గేటు దగ్గర ఆగేదాకా ఊఁ, ఊఁ, ఊఁ.

నూనె కొబ్బరిచెట్టుకు చేరింది. అత్త గుమ్మంలోంచి బండిని చూసి, "మళ్ళీ వచ్చిందా నా సవితి!" అని, మాకు వేడి వేడిగా రాగిముద్ద పెట్టింది. మర్నాడు కలికిరి ఆసామికి నాయన కాఫీ ఇచ్చి పంపించేశాడట. నేను గండం గడిచిందని ఊపిరి పీల్చుకున్నాను. అదే రోజు సాయంత్రం మేము మదనపల్లెకు తిరిగొచ్చాక, అన్న నాయన ఎదుట కూర్చుని, బెంగళూరుకు ఇంక పోనని, పుంగనూరులో డాక్టరప్ప షెడ్డు పక్కనే పాత రేసు బండ్లు బాగుచేసే షెడ్డు పెడతానని చెప్పి, నా వైపు చూపించాడు. "పాప అంతా ఒప్పుకునింది నాయనా. నువ్వు కాదంటే తనే నీకు నచ్చజెప్తాననింది. మొదట్లో షెడ్డు ఊడ్చి తుడవడం, వచ్చే బండ్ల లెక్క రాసుకోవడం కూడా తనే సూసుకుంటుందంట." నాయన నా వైపు తిరిగాడు. "నువ్వు అన్నావా అమ్మా?" నేను అన్న ముఖం చూశాను. అందులో ఉప్పు తగ్గితే అరిచే మనిషి పూర్తిగా తిరిగొచ్చి కూర్చున్నాడు. "అన్నాను నాయనా" అన్నాను. పెళ్ళయ్యేదాకా వారానికి మూడు రోజులు పుంగనూరు బస్సెక్కాను.

ఇప్పుడు అన్న షెడ్డుకు దూరం ఊళ్ళ నుంచి బండ్లు వస్తాయి. ఫోను చేశాడంటే గంటసేపు పెట్టడు. ఏ బండి రింగులు పోయాయో, ఏ మెకానిక్కు ఏమీ తెలియదో అంతా చెబుతాడు. నేను వింటూనే ఉంటాను. మధ్యలో ఎప్పుడైనా ఆ పిల్ల గుర్తొస్తుంది: పొద్దుటినుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా, తలకు పట్టని హెల్మెట్టుతో, కళ్ళు గట్టిగా మూసుకుని, దేనికి ఒప్పుకుంటోందో తెలియకుండానే గాలిలోకి ఊఁ కొడుతూ పోతున్న పిల్ల. దాన్ని ఆపి, "ఏమి చెప్తాండాడో కాస్త వినమ్మా" అనాలనిపించదు నాకు. ఆ దారిన వాడు ఇంకా ఏమేమి చెప్పాడో ఈ రోజుకూ తెలియదు. అడగలేదు. అడిగితే ఇంకా దేనికి ఒప్పుకున్నానో బయటపడుతుందని కాస్త భయం కూడా ఉంది.